ముప్పై ఎనిమిది పేజీల నక్క

ఆ బొమ్మల కథలో ముప్పై ఎనిమిది పేజీలున్నాయి. అందులో ఏముందో చూడకముందే పేజీలు లెక్కపెట్టాను. ఏ కట్ట చేతికొచ్చినా ముందు ఎన్నో తెలియాలి, ఏమిటో తర్వాత. ఇది మంచి అలవాటేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్క ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కరీంనగర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర సామాను చూసే పనిలో ఉన్నప్పుడు ఒకాయన నోటిమాటగా ఒక సూత్రం చెప్పాడు. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నూట అరవై రెండుతో భాగిస్తే మీటరు రాడ్డు ఎన్ని కిలోలో వస్తుందట. నేను నమ్మలేదు. పన్నెండు ఎం.ఎం. రాడ్డు మీటరు ముక్క కోయించి, కిరాణా కొట్టు తరాజులో పెట్టించి, తొమ్మిది వందల గ్రాములకు కాస్త తక్కువ తూగాకే నమ్మాను. ఆ ఒక్క సూత్రం పట్టుకునే ఎనభైల చివర ఒమన్ చేరాను.

నిజ్వా అవతల వాదీ మీద వంతెన కడుతున్న ఒక కొరియా కంపెనీలో స్టీల్ యార్డు లెక్క నాకు అప్పగించారు. వాదీ అంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు పారే ఎండు ఏరు. దాని ఒడ్డున రేకుల షెడ్డు, షెడ్డు కింద రాడ్లు వంచే బల్ల, అవతల ఎండలో పరిచిన రాడ్ల కట్టలు. ఉదయం ఎన్ని రాడ్లు దిగాయి, సాయంత్రానికి ఎన్ని వంగాయి, కట్టలో ఎన్ని ఉన్నాయి అనేది నా పుస్తకంలో ఉండాలి. ప్రతిదీ రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ని. రెండూ ఒకటే వస్తే, తొందరపడి ఒకే తప్పు రెండుసార్లు చేశానేమోనని మూడోసారి లెక్కపెట్టేవాణ్ని.

బల్ల దగ్గర రాడ్లు వంచే పెద్దాయనది జగిత్యాల వైపు. యాభై దాటిన మనిషి, పాస్‌పోర్టులో వయసు ఆరేళ్లు తక్కువ. మాకు చుట్టరికం లేదు. ఒకే రూములో పక్కపక్క మంచాలు కనుక నేను మామా అనేవాణ్ని, ఆయన అల్లుడా అనేవాడు.

మామ అంతకుముందు ఇంకో గల్ఫు దేశంలో పనిచేశాడు. అక్కడ ఒకరోజు పొద్దున డ్యూటీకి పోయినవాణ్ని పిలిచి, సాయంత్రం విమానమని చెప్పి పంపేశారు. తాడు మీద ఆరేసిన బట్టలు తడితడిగానే పెట్టెలో కుక్కుకుని ఇంటికి పోయాడు. ఆ తడి బట్టల మాట ఎన్నిసార్లు చెప్పాడో నేను లెక్కపెట్టలేదు గాని, ప్రతిసారీ చివర ఒక్కటే అనేవాడు.

"ఈసారి వాళ్లు పంపుతె పోవుడు కాదు అల్లుడా. నేను పోతన్న దినం పోవాలె. డేటు నేను చెప్పాలె."

కాంట్రాక్టు ఇంకా పద్నాలుగు నెలలుంది. అడ్డమల్లా ఆయన కుడి కన్నే. నల్లగుడ్డు మీద పాలపొర కమ్మినట్టు కమ్మింది, ఎడమ కంటికీ దగ్గరివి సరిగా ఆనేవి కావు. ఆ సంగతి కంపెనీకి తెలిస్తే అంతే. రూములో నాకొక్కడికే తెలుసు, అదీ అవసరం పడి చెప్పాడు. రోజూ పొద్దున వంతెన ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర్నుంచి ఏ కొలతవి ఎన్ని రాడ్లు వంచాలో లిస్టు వచ్చేది. ఆ లిస్టు నేను మామకు రెండుసార్లు చదివి వినిపించాలి. అలా విన్నాడంటే ఆయనకు సాయంత్రం దాకా గుర్తుండేది. కొలతలకు ఒక చెక్క మీద తనే గాట్లు పెట్టుకున్నాడు, వేలితో తడిమి చూసుకునేవాడు.

సాయంత్రం నేను లెక్కపెట్టేసరికి మామ కట్ట ఎప్పుడూ సరిగ్గా ఉండేది. పొడవు సరి, వంపు సరి, సంఖ్య సరి. కంపెనీ లెక్కలో తిరగ్గొట్టిన రాడ్డు ఒక్కటి లేదు. ఒక కంటితో ఇంత పని చేస్తున్నాడని నాకు గొప్పగా ఉండేది.

చికాకంతా డ్రాఫ్ట్స్‌మన్‌తోనే. ముప్పై ఏళ్ల కొరియా మనిషి, సన్నగా ఉండేవాడు. మేం బొమ్మలాయన అనుకునేవాళ్లం. పొద్దున ఇచ్చిన లిస్టు చాలదన్నట్టు, మధ్యాహ్నం వంతెన పక్క గోడకు కావాలని మామ కట్టలోంచి రెండో అయిదో రాడ్లు తీసి, ఎర్ర తీగ కట్టి, పికప్‌లో పంపేసేవాడు. వాటి బదులు మళ్లీ అన్నే వంచి కట్టలో పెట్టమని వేలెడు చీటీ నా చేతికి వచ్చేది. పొద్దున్నే ఒకేసారి రాసి చావకూడదా అనుకునేవాణ్ని. ఆ చీటీలు పుస్తకంలోకి ఎక్కించలేదు. పోయినన్ని వచ్చేవి, మిగిలేది సున్నా. సున్నాకు ఒక గడి ఎందుకని తీగ కొక్కేనికి గుచ్చి వదిలేశాను.

ఒకరోజు సాయంత్రం లెక్క కాగితం ఇవ్వడానికి బొమ్మలాయన క్యాబిన్‌కి వెళ్లాను. మనిషి లేడు. ఏసీ తిరుగుతోంది. అమోనియా వాసన కొట్టే పాత బ్లూప్రింట్లు సమానంగా కత్తిరించి, వెనక వైపు పెన్నుతో బొమ్మలు గీసి ఉన్నాయి. ముప్పై ఎనిమిది. ప్రతి పేజీలో గళ్లు, గడిగడికీ బొమ్మ, బొమ్మ మీద బుడగలో వాళ్ల రాత.

బొమ్మల్లో ఒక ఆడమనిషి. తలకు హెల్మెట్, కాళ్లకు మా సేఫ్టీ బూట్లు, వెనక తోకలు. మొదటి పేజీలో ఒకటే తోక, చివరికొచ్చేసరికి తొమ్మిది. చీకట్లో ఎగురుతూ వస్తుంది, క్రేను కొస మీద వాలుతుంది, నోట్లో ఒక గోళీ లాంటిది మెరుస్తుంటుంది. ఆమె వాలిన చోటు నాకు తెలిసిన చోటే. మా వాదీ, మా రేకుల షెడ్డు, మా బల్ల. వంపు తిరిగిన ఇనుప కాలుతో సహా గీశాడు.

పన్నెండో పేజీలో మామ ఉన్నాడు.

ఆ మెడకు చుట్టుకున్న గళ్ల తువాలు, ఆ వంగిన వీపు. కుడి కన్ను ఉండాల్సిన చోట ఉత్త తెల్లటి సున్న. పక్క బొమ్మలో ఆయన కట్టకు ఆనుకుని నిద్రపోతున్నాడు. తోకల ఆడమనిషి ఒక్కో తోకకు ఒక్కో రాడ్డు చుట్టుకుని, కట్టలోంచి లాగేసుకుని పోతోంది. ఆమె నవ్వుతోంది. ఆ బొమ్మ కింద మూలలో చిన్న గుర్తులు. ఆ పేజీ నుంచి మామ ఉన్న ప్రతి పేజీలో ఆ గుర్తులున్నాయి. బయట బూట్ల చప్పుడైతే కాగితాలు ఎలా ఉన్నాయో అలా పెట్టి, నా లెక్క పైన పడేసి బయటపడ్డాను.

కన్ను సంగతి వీడికెలా తెలిసింది? తెలిసినవాడు కాగితం మీద ఎందుకు పెట్టాడు?

కంపెనీ పికప్, శుక్రవారం బస్సు నడిపేది ఒక కడప సాయిబు. కొరియా వాళ్లను తిప్పీ తిప్పీ వాళ్ల మాటలు కొన్ని పట్టుకున్నాడు. ఆ శుక్రవారం బస్సు మస్కట్‌లో దార్సైట్ గుడి దగ్గర మావాళ్లను దింపాక, నేను దిగకుండా ఆయన వెనక సీట్లో కూర్చుని, తోకలున్న ఆడమనిషి కథ ఏదైనా కొరియా వాళ్ల దగ్గర విన్నావా భాయ్ అని అడిగాను. ఎందుకో చెప్పలేదు.

"నక్కబ్బా అది," అన్నాడు. "వాళ్ల దేశంలో నక్క వెయ్యేండ్లు బతికితే తొమ్మిది తోకలొస్తాయంట. ఆడదాని మాదిరి మారి మొగోల్ల కాడికొచ్చి కాలేజం పెరుక్కోని తింటాదంట. కాలేజమంటే ఇదిగో, ఈడుండేది. నీకు భయం లేదులే లెక్కలన్నా. నీకాడికొస్తే దాని తోకలు లెక్కేసి రాసుకుంటావు నువ్వు, అది ఇసుగుపుట్టి పోతాది."

ఇంకా చెప్పాడు. నక్క నోట్లో ఒక పూస ఉంటుందట. అది మింగినవాడు వెంటనే ఆకాశం వైపు చూస్తే ఆకాశం గుట్టు తెలుస్తుంది, నేల వైపు చూస్తే నేల గుట్టే తెలుస్తుంది. ఎవడో మింగి నేల చూశాడట. బొమ్మలాయనకు ఈ నక్క పిచ్చి ఉందని, దాన్ని లోకాన్ని కాపాడే వీరురాలిగా చేసి పుస్తకం వేయాలని చూస్తున్నాడని, అందుకే కొరియా మెస్సులో అందరూ ఆయన్ని ఆటపట్టిస్తారని కూడా చెప్పాడు.

కాపాడేదైతే రాడ్లు ఎందుకు ఎత్తుకుపోతోందని నేను అడగలేదు. కాలేయం తినే నక్క పక్కన మా మామను ఎందుకు కూర్చోబెట్టాడన్నదే తలలో తిరిగింది.

తర్వాతి వారంలో ఇంకో రెండుసార్లు క్యాబిన్ ఖాళీగా దొరికింది. మామ ఉన్న పేజీలు మొత్తం ఏడు. ఆ ఏడింటి మూలల్లోని గుర్తులు సిమెంటు సంచి కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు దించుకున్నాను. పేజీ మూలన వేసిన తేదీ అంకెలు కూడా. అంకెలు ఎక్కడైనా అంకెలే గనక అవి చదవగలిగాను.

గుర్తులు మొదట అక్షరాలనుకున్నాను. పైన అడ్డగీత, మధ్యలో నిలువు గీత, దాని పక్కన పొట్టి గీతలు, కింద అడ్డగీత. కొన్ని చోట్ల నిండుగా ఉంది, కొన్ని చోట్ల సగంలో ఆగింది. సగంలో ఆగే అక్షరం ఉండదు. నిండు గుర్తులో గీతలు లెక్కపెడితే అయిదు. అప్పుడు అర్థమైంది. మనం నాలుగు నిలువు గీతలు గీసి అయిదోది అడ్డంగా కొట్టినట్టే, వాళ్లు అయిదు గీతలతో ఒక గుర్తు కడుతున్నారు. అది రాత కాదు, లెక్క. ఏడు పేజీల లెక్క వరసగా మూడు, ఏడు, రెండు, అయిదు, నాలుగు, ఆరు, మూడు. మొత్తం ముప్పై.

దాన్ని విప్పినందుకు నాలో నేనే మురిసిపోయాను. ఎవరూ చెప్పకుండా పరదేశం లెక్క చదివానని.

ముప్పై ఏమిటి? మామ డ్యూటీకి ఆలస్యమైన రోజులు చూశాను, సున్న. తిరగ్గొట్టిన రాడ్లు సున్న. దొంగతనం గీస్తున్నాడేమోనని యార్డంతా మళ్లీ లెక్కపెట్టి, మీటర్లను కిలోల్లోకి మార్చి, దిగినదాంతో పోల్చాను. ఒక్క రాడ్డు తగ్గలేదు. తగ్గి ఉంటే నాకు నిమ్మళంగా ఉండేది. ఏ తేడా లేని చోట ఒకడు కూర్చుని తేడా లెక్క రాస్తున్నాడంటే, అది నాకు కనపడని తేడా.

ఆ తర్వాత నేను మధ్యాహ్నం పడుకోవడం మానేశాను. ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడు దాకా పని ఆపేవాళ్లు. అందరూ షెడ్డు నీడలో తువాలు మొహం మీద కప్పుకుని పడుకునేవాళ్లు. రెండో రోజే చూశాను. బొమ్మలాయన గొడుగు వేసుకుని మామ కట్ట దగ్గరికి వచ్చాడు. వంగి టేపుతో ఒక్కో రాడ్డు కొలుస్తున్నాడు. తీసుకుపోయేవాడు ఏదో ఒకటి తీసుకుపోవచ్చు. ప్రతిదీ కొలవడం ఎందుకు? తలెత్తి, నేను లేచి కూర్చుని ఉండడం చూశాడు. టేపు జేబులో పెట్టుకుని కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. తప్పు లేనివాడు టేపు దాచుకోడు.

మరునాడు లెక్క కాగితం ఇస్తుంటే వేలితో తన కుడి కన్ను చూపించి, వచ్చిన కొంచెం ఇంగ్లీషులో అడిగాడు. "ఓల్డ్ మేన్. ఐ. గుడ్?"

"గుడ్," అన్నాను. "వెరీ గుడ్." అవసరానికన్నా గట్టిగా అన్నాను.

ఇంకేం కావాలి నాకు? కన్ను సంగతి తెలుసు. చాటుగా మామ పని కొలుస్తున్నాడు. మామ బొమ్మ కింద తప్పులు లెక్క వేస్తున్నాడు. ఏదో ఒకరోజు ఆ కాగితాలు మేనేజరు బల్ల మీదికి పోతాయి, ఆ సాయంత్రమే మామకు విమానం.

సరిగ్గా అప్పుడే మస్కట్ పక్క బౌషర్‌లో కంపెనీ కొత్త సైట్ మొదలైంది. ఇద్దరు రాడ్ బెండర్లను పంపమని అడిగారు. ఎవరిని పంపాలని టైమ్‌కీపర్ నన్నే అడిగాడు. ఎవరు రోజుకు ఎన్ని వంచుతారో నా పుస్తకంలో ఉంటుంది గనక. ఒక పేరు మామది రాయించాను.

మామకు ఇష్టం లేదు. ఆ రోజు పని దిగాక, బల్ల మీద గాట్ల చెక్క తడుముతూ కూర్చున్నాడు.

"ఈ బల్ల నా చేతికి ఎరుకే," అన్నాడు చివరికి. "ఏ మేకు యాడున్నదో కన్ను లేకున్నా దొరుకుతది. ఆడ కొత్త బల్ల. నన్నెందుకు కదుపుతున్నవ్?"

నేను సిమెంటు కాగితం తీసి, గుర్తులు చూపించి, అంతా చెప్పాను. నక్క, కట్ట, తెల్లటి సున్న, టేపు, ముప్పై. ఆయన కాగితం చూడలేదు. నా వైపే చూశాడు.

"నిజంగనే నా తప్పులు రాస్తున్నడా?"

"లెక్క కట్టి చెప్తున్న మామా. ఈడుంటే నిన్ను పంపుతరు."

"నువ్వు పొమ్మంటె పోత," అన్నాడు. "నీ మాట మీద పోత."

ఆ మాటలో ఏదో బరువుంది. నా లెక్క మీద అంత నమ్మకమా అని సంతోషపడ్డాను. శనివారం పొద్దున సాయిబు పికప్‌లో పెట్టె, చెక్క రెండూ పెట్టుకుని వెళ్లాడు.

బౌషర్ సైట్‌లో పెద్ద క్రేన్లు. కింద తిరిగే ప్రతి కొత్త మనిషికీ మొదటి వారంలోనే కంటి పరీక్ష పెట్టాలని అక్కడి నియమం. ఇద్దరిని పంపమన్న కాగితంలో అది రాసే ఉంది. ఆ కాగితంలో నేను చదివింది ఇద్దరు అన్న అంకె వరకే.

పరీక్షలో ఎడమ కన్ను మూసి చదవమన్నారట. మామ లిస్టు బట్టీ పట్టినట్టు, ముందు చదివిన మనిషి మాటలు విని అదే వరస అప్పజెప్పాడట. డాక్టరు బోర్డు తిప్పేశాడట. ఇదంతా సాయిబు చెప్పాడు. వెళ్లిన తొమ్మిదో రోజు క్యాన్సల్ కాగితం వచ్చింది. ఆ సాయంత్రమే విమానం. సాయిబు నన్ను బండెక్కించుకుని బౌషర్ తీసుకెళ్లాడు.

మామ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తాడు మీద ఆయన లుంగీ, బనీను ఇంకా ఆరుతున్నాయి. ఎండ దంచుతోంది గనక నేను వాటిని పట్టుకుని గాలికి ఆడిస్తూ నిలబడ్డాను. పూర్తిగా ఆరాకే మడతపెట్టి ఇచ్చాను. అప్పుడు నేను చేయగలిగింది అదొక్కటే.

"పంపిండ్రు అల్లుడా," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. గాట్ల చెక్క ఉంచుకొమ్మని ఇచ్చాడు. విమానంలో దేనికని.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా బొమ్మలాయన్నే తిట్టుకున్నాను. వాడే బౌషర్‌కు కబురు పెట్టి ఉంటాడని సాయిబుతో అన్నాను.

మా యార్డులో మామ బల్ల దగ్గరికి ఒక నడివయసు మలబారు మనిషి వచ్చాడు. రెండు కళ్లూ బాగున్నవాడు. అతను చేరిన నాలుగో రోజు కాబోలు, కొక్కేనికి చీటీ గుచ్చబోయి చెయ్యి ఊరికే గాలిలో ఆగింది. చీటీ లేదు. ముందు రోజూ లేదు, అంతకుముందు రోజూ లేదు. మామ పోయిన రోజు నుంచీ మధ్యాహ్నం చీటీ ఒక్కటి రాలేదు. వంతెన పక్క గోడ అక్కడే ఉంది, పని నడుస్తూనే ఉంది. దానికి ఉన్నట్టుండి రాడ్ల అవసరం ఎలా తీరిపోయింది?

కొక్కెం దించి చీటీలన్నీ బల్ల మీద పరిచాను. సిమెంటు కాగితం పక్కన పెట్టాను. ఆ ఏడు తేదీల చీటీలు ఏరి వరసగా చూసుకుంటూ పోయాను. మూడు రాడ్లు. ఏడు రాడ్లు. రెండు. అయిదు. నాలుగు. ఆరు. మూడు.

మూడుసార్లు చూశాను. ముప్పైకి ముప్పై సరిపోయాయి.

చెక్క తీసుకుని వంతెన దగ్గరికి నడిచాను. పక్క గోడకు ఇంకా కాంక్రీటు పోయని చోట ఎర్ర తీగ రాడ్లున్నాయి. ఒక్కోటి చెక్క మీది గాటుకు ఆనించి చూశాను. ఒకటి రెండు వేళ్లు తక్కువ, ఒకటి వంపు ముందుకు జరిగింది, ఒకటి మరీ మూరెడు పొట్టి. మామ చేతి తప్పులు. బొమ్మలాయన పొట్టి రాడ్లు సరిపోయే చోటు చూసి, వాటిని అక్కడికి పంపాడు. వాటి బదులు మంచివి కట్టలోకి తెప్పించాడు. సాయంత్రం నేను లెక్కపెట్టేసరికి అంతా సరిగ్గా ఉండేది. ఒక కన్ను మసకేసిన మనిషి రోజూ ఒక్క తప్పూ లేకుండా ఎలా వంచుతున్నాడని అనుమానించాల్సింది నేను. వాదీలో గాలి వీచినా అనుమానించే నేను, ఆ ఒక్క సంఖ్యను అనుమానించలేదు.

సాయిబును వెంటబెట్టుకుని క్యాబిన్‌కి వెళ్లాను. బొమ్మలాయన నన్ను చూడగానే కాగితాలు సొరుగులోకి నెట్టాడు. నేను చీటీలు, సిమెంటు కాగితం పక్కపక్కన పెట్టాను. ఆయన చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత ముసలాయన ఏడని సాయిబును అడిగాడు. బౌషర్‌లో ఉన్నాడనే అనుకుంటున్నాడు. సాయిబు చేతిని విమానంలా పైకి లేపి చూపించాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకోలేదు.

ఎందుకు చేశావని అడిగించాను. సాయిబు విని నాకు చెప్పాడు.

"కథకు ఒక మనిషి కావల్సొచ్చినాడంట. నక్క వెయ్యి రోజులు కాలేజం ముట్టకుండా ఎవరికన్నా మేలు చేస్తే మనిషైపోతాదంట. ఎవరికి చేసేది అని యార్డులో చూస్తాంటే ముసలాయన తడుముకుంటా కనపడినాడంట. ముందు బొమ్మలో చేసినాడు, ఆమీట ఊరికే గీసుకుంటే ఏమొస్తాదని నిజంగానే చేసినాడు."

నాకు చెప్పి ఉంటే సరిపోయేది కదా అన్నాను. సాయిబు ఆ మాట ఆయనకు చేర్చలేదు. తనే జవాబిచ్చాడు.

"నీకెట్ల చెప్తాడన్నా? నువ్వు రాసేస్తావని ఆయప్పకు భయం. నీ పుస్తకం మేనేజరు కాడికి పోతాది కదా. నీ నుంచి దాసేదానికే ఈ తిప్పలన్నీ."

బొమ్మలాయన సొరుగు తెరిచి, ముప్పై ఎనిమిదో పేజీ తీసి నా ముందు పెట్టాడు. ఆ పేజీ నేను ఇంతకుముందు చూశాను. తోకలు తొమ్మిదని లెక్కపెట్టి వదిలేశాను. ఇప్పుడు చూస్తే కట్ట ముందు ఒక మనిషి వంగి ఉన్నాడు. మొహం కనిపించదు, చెవి మీద పెన్సిలు, చేతిలో పుస్తకం. రాడ్లు లెక్కపెడుతున్నాడు. అతని వీపు వెనక నక్క నిలబడి ఉంది. తొమ్మిది తోకల్లో తొమ్మిది వంకర రాడ్లు దాచుకుని, పెదాల మీద వేలు పెట్టుకుంది. నోట్లోని పూస అతని తల మీద, పైన వెలుగుతోంది. అతను కిందికే చూస్తున్నాడు. పక్కన మొహం మీద తువాలు కప్పుకుని మామ నిద్రపోతున్నాడు. మొహం కనపడక, ఆ ఏడు పేజీల్లో దీన్ని లెక్కపెట్టలేదు.

ఆ పేజీ నన్ను ఉంచుకోమన్నాడు. మరో రెండు నెలలకు వంతెన పూర్తయింది, ఆయన వాళ్ల దేశం పోయాడు. పుస్తకం వేశాడో లేదో తెలియదు.

అప్పట్లో చదవను రానివాళ్లకు ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి పంపేవాళ్లం. నేనూ ఒక క్యాసెట్ నింపాను. నాలుగుసార్లు చెరిపి అయిదోసారి నింపాను. కాగితంలో మామ తప్పులున్నాయన్నది నిజమేనని, కానీ ఆ లెక్క ఆయన్ని పంపడానికి కాదని, ఉంచడానికని, పంపింది నేనని చెప్పాను. ఊరికి పోతున్న ఒకతని చేతికిచ్చాను. మూడు నెలలకు జవాబు క్యాసెట్ వచ్చింది. శుక్రవారం పగలు దార్సైట్‌లో, ఖాళీ బస్సులో, సాయిబు టేపులో పెట్టాడు.

మొదట కోళ్ల అరుపు, ఎవరో మెల్లగా మాట్లాడమనడం. తర్వాత మామ గొంతు. కంటికి ఆపరేషన్ అయిందన్నాడు, మసక కొంచెం తగ్గిందన్నాడు. నా పిల్లలు ఎట్లున్నారన్నాడు. ఆ తర్వాత అసలు మాటకు వచ్చాడు.

"నా చేతికి తప్పులైతున్నయని నాకెరుకే అల్లుడా. చెక్క మీద గాటు దొరికినా, బల్ల మీద సుద్దగీత కనపడక తప్పు వోతుండె. పొద్దుగూకంగ నువ్వొచ్చి అన్నీ సరిగున్నయని రాసుకుంటుంటివి. ఎట్లున్నయని మనసుల అనుకునేటోన్ని. ఎవరో సదురుతున్నరు. ఇన్నొద్దులు అది నువ్వేననుకున్న. నోరు తెరిచి అడిగితె నీకు ఆపదొస్తదని అడగలే. అందుకనే నువ్వు పొమ్మంటె పోయిన."

సాయిబు టేపు ఆపలేదు. ఇంకా ఉందేమోనని ఇద్దరం రెండో వైపు కూడా తిప్పి విన్నాం. అందులో ఏమీ లేదు. ముప్పై నిమిషాలు.